బకెట్ నీళ్లకు ఒక కప్పు

వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడైంది. ఆ వెంటనే డబ్బా మూత తిప్పిన చప్పుడు. మొండయ్య మంచం మీద కూర్చుని తలుపులోంచి చూస్తున్నాడు. కోడలు ఉమారాణి చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని బ్లీచ్ డబ్బాను వంచి కప్పులోకి పోసింది. కప్పును కిటికీ వెలుతురుకు ఎత్తి, కొలత సరిపోయిందో లేదో చూసుకుంది. తర్వాత దాన్ని బకెట్ నీళ్లలో వంపింది. ఆమె సౌదీలోని జుబైల్‌లో ఆస్పత్రి నర్సు. మొండయ్య దృష్టిలో ఇంట్లో కూడా నర్సే, కోడలు కాదు.

ఇక రోజూ జరిగేదే జరిగింది. ఆయన పట్టుకున్న తలుపు గడియను తుడిచింది. ఆయన నొక్కిన లైటు స్విచ్చును పిండిన గుడ్డతో తుడిచింది. ఆయన గదికి ఆనుకుని ఉన్న బాత్రూంలో కుళాయి, నేల, మరుగుదొడ్డి గిన్నె, గోడ మీద నడుమెత్తు దాకా బ్లీచ్ నీళ్లు కొట్టి, కాసేపు ఉంచి, మంచినీళ్లతో కడిగింది. చివరికి ఆయన తిన్న పసుపు రంగు ప్లాస్టిక్ కంచాన్ని సబ్బుతో తోమి, వేరే టబ్బులో పలచటి బ్లీచ్ నీళ్లలో మునగేసింది. ఇంట్లో మిగిలిన ముగ్గురివీ స్టీలు కంచాలు. అవి మామూలుగా సింకులో ఉన్నాయి.

నాలుగేళ్ల మనుమరాలు సృజన బిస్కెట్ పట్టుకుని తాత గది దాకా వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. అక్కడ నేల మీద వెడల్పాటి గోధుమ రంగు టేపు అతికించి ఉంది. అది దాటకూడదని తల్లి చెప్పింది. పిల్ల కాలి వేళ్లు టేపుకు ఆనించి నిలబడి, తాతా నీ కండ్లు ఇయ్యాల గూడ పచ్చగనే ఉన్నయి అని చెప్పి వెళ్లిపోయింది.

మొండయ్య కూలీల క్యాంపు నుంచి వచ్చి మూడు వారాలైంది. క్యాంపులో కొందరికి కామెర్లు సోకాయి. ఆయనకూ సోకాయి. తగ్గేదాకా కొడుకు దగ్గర ఉండమని ఫోర్‌మన్ పంపేశాడు. కొడుకు జనార్దన్ పెట్రోకెమికల్ ప్లాంటులో ఆపరేటర్. కంపెనీ ఇచ్చిన ఇల్లు, మేడ మీద రెండు గదులు. వెనక గది చిన్నది, దానికి ఒకటే కిటికీ. ఇరాక్‌తో యుద్ధం వచ్చి, సద్దాం గ్యాస్ బాంబులు వేస్తాడని ఊరంతా అనుకుంటున్నప్పుడు జనార్దన్ ఆ కిటికీకి ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులన్నీ టేపుతో మూసేశాడు. బాత్రూంలో గాలి పోయే రంధ్రాన్ని కూడా మూసేశాడు. సైరన్ మోగితే నలుగురూ ఆ గదిలోకి వచ్చి తలుపు మూసుకోవాలి. మిగతా సమయమంతా ఆ గది మొండయ్యది. పక్క ఇళ్ల వాళ్లు చాలామంది జెద్దా వైపు వెళ్లిపోయారు. ప్లాంటు ఆగదు కాబట్టి జనార్దన్ కదలలేదు. ఆస్పత్రి సెలవులు రద్దు చేసింది కాబట్టి ఉమారాణి కూడా కదలలేదు.

మొండయ్యకు కామెర్ల కంటే ఆ ప్లాస్టిక్ కంచం ఎక్కువ బాధగా ఉంది. ఆయన పుట్టింది కరీంనగర్ జిల్లాలో ఒక మాలవాడలో. ఊరి హోటల్లో తన వాళ్లకు వేరే గ్లాసులు ఉండేవి. బయట గుంజకు వేలాడేవి. తాగి, కడిగి, మళ్లీ గుంజకు తగిలించి రావాలి. సౌదీకి వచ్చిన మొదటి రోజు క్యాంపులో ఒక పాకిస్తానీ ముసలాయన పెద్ద పళ్లెం ముందు పెట్టి, కూర్చో భాయ్ అన్నాడు. ఆరుగురు ఒకే పళ్లెంలో చేతులు పెట్టారు. నువ్వెవరివని ఎవరూ అడగలేదు. ఆ పళ్లెం కోసమే ఈ ఎండలో పదమూడేళ్లు రాళ్లు మోశానని ఆయన ఎవరితోనూ అనలేదు, కానీ నిజం అదే. ఇప్పుడు కన్నకొడుకు ఇంట్లో గుంజ గ్లాసు మళ్లీ ఎదురైంది.

ఆయనకు క్షమించడం రాదు. భార్య ముత్యవ్వ ఏడో నెల కడుపుతో ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఊరి దొర ఆస్పత్రికి బండి ఇవ్వలేదు. ఆమె పోయింది. జనార్దన్‌కు అప్పుడు ఐదేళ్లు. మొండయ్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత దొర చచ్చిపోయాడని ఎవరో చెప్పిన రోజు క్యాంపులో కోడిని కోయించి అందరికీ పెట్టాడు. అలాంటి మనిషి. కోడలితో మాట్లాడటం మానేసి రెండు వారాలు దాటింది. నీళ్లు కావాలంటే గుమ్మంలో నిలబడిన పిల్లతో, మీ అమ్మకు జెప్పు అంటాడు. ఉమారాణి అంతా వింటూనే ఉండేది. అడిగింది తెచ్చి టేపు గీత మీద పెట్టి వెళ్లేది.

శుక్రవారం పగలు జనార్దన్ ఇంట్లోనే ఉన్నాడు. హాల్లో కింద దుప్పటి పరిచి ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. కోడికూర. మొండయ్య కోసం ప్లాస్టిక్ కంచాన్ని టేపు దగ్గర పెట్టారు. ఆయన దాన్ని చూశాడు. లేచి, గీత దాటి, హాల్లోకి వచ్చి మనుమరాలి పక్కన కూలబడ్డాడు. పిల్ల స్టీలు కంచాన్ని తన వైపు లాక్కుని ముద్ద కలపబోయాడు. ఉమారాణి చెయ్యి ఆ కంచాన్ని ఆయన ముందు నుంచి లాగేసింది. కూర దుప్పటి మీద ఒలికింది.

"నా చెయ్యి తగిల్తె నీ బిడ్డ సచ్చిపోతదా?" అన్నాడు మొండయ్య. కోడలితో రెండు వారాల తర్వాత ఆయన అన్న మొదటి మాట అది.

"కామెర్లు తగ్గినంక నువ్వే తినిపియ్యి మామా. ఇప్పుడైతే వద్దు."

"మా ఊరి దొరలు గూడ గిట్లనే అనెటోళ్లు. ఇప్పుడు వద్దు, గాడ కూసోకు, ఎనుకకు రా."

"నేను దొరసాని లెక్క కనవడ్తున్ననా? మా నాయినది గూడ మీ అసొంటి వాడనే."

"అందుకే మంచిగ నేర్సుకున్నవ్."

జనార్దన్ ఇద్దరి మధ్యా చేతులు అడ్డం పెట్టి, ఊకోండ్రి, పోరి భయపడ్తుంది అన్నాడు. ఎవరి వైపూ మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచీ అతనికి అదే అలవాటు. ఉమారాణి ఒలికిన కూర తుడుస్తూ, తల ఎత్తకుండానే కంచం సంగతి చెప్పింది. బ్లీచ్ స్టీలును తింటుంది, రోజూ నానబెడితే చుక్కలు పడి గరుకవుతుంది, ఆ గరుకులో మురికి నిలుస్తుంది, ప్లాస్టిక్‌కైతే ఏమీ కాదు, అందుకే కొన్నాను అంది. మొండయ్య నమ్మలేదు. కథలు బాగ జెప్తున్నవ్ అన్నాడు. తర్వాత తన దగ్గరున్న పెద్ద రాయినే తీశాడు.

"నీ అత్త గూడ ఉండె. నేను కాల్వ పనికి పోయి గీ కామెర్లతోటే పడ్డ. నేను తిని ఇడిసిన కంచంలనే ఆమె తిన్నది. రోజు. కడుపుతోటి ఉండి గూడ. కడగలె, తుడువలె. అది మనిషి."

ఉమారాణి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆమె మామ ముఖంలోకి చూసింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అలా సూటిగా చూడటం అదే మొదటిసారి.

"అత్తమ్మ ఎట్ల పోయింది?" అంది మెల్లగా.

తల్లి మాట వచ్చేసరికి, అవ్వ ముచ్చట ఇప్పుడెందుకు అని జనార్దన్ విసుక్కున్నాడు.

"దొర బండి ఇయ్యలె. గట్ల పోయింది," అన్నాడు మొండయ్య.

ఉమారాణి ఇంకేదో అడగబోయి ఆగింది. పెదవులు బిగించి వంటింట్లోకి వెళ్లిపోయింది. జనార్దన్ తండ్రి వైపు తిరిగి, బాపూ ఆమెకు గిప్పుడు అని ఏదో మొదలుపెట్టాడు. వంటింట్లోంచి ఉమారాణి, ఏమయ్యా అని పిలిచింది. అతను నోరు మూసుకున్నాడు. మాటల్లో తనదే పైచేయి అయిందని మొండయ్య అనుకున్నాడు. ఇక నుంచి నా బాత్రూం నేనే కడుక్కుంట, నీ పెండ్లం నా ఎంగిలి ముట్టే పనిలేదు అని కొడుకుతో అని తన గదిలోకి వెళ్లాడు.

పొద్దుగూకే ముందు ఉమారాణి గుమ్మంలోకి వచ్చింది. బ్లీచ్ డబ్బా, కప్పు, రబ్బరు తొడుగులు టేపు గీతకు ఇవతల పెట్టింది. మొండయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అయినా ఆమె చెప్పింది.

"బకెట్ నిండ సల్లటి నీళ్లు. ఒక్క కప్పు. అంతకన్న ఎక్కువ వొయ్యద్దు. వేడి నీళ్లు వద్దు. ముందుగాల సబ్బుతోటి కడిగి, అప్పుడు గీ నీళ్లు గొట్టి పది నిమిషాలు ఉంచాలె. బాత్రూంల గాలి పోయే తొవ్వ లేదు, మూసినం. రూము తలుపు, హాలు కిటికీ రెండూ తెరిచి పెట్టు. ఇంకోటి ఏదీ దాంట్ల కలుపద్దు మామా. ఏదీ. ఇనవడ్తుందా?"

మొండయ్యకు వినబడింది. దొర వాకిట్లో జీతగాడికి పని పురమాయించినట్టు వినబడింది. గోడ వైపు నుంచి కదలలేదు.

మర్నాడు తెల్లవారింది. జనార్దన్ రాత్రి షిఫ్టు చేసి వచ్చి స్నానానికి సిద్ధమవుతున్నాడు. ఉమారాణి తెల్ల యూనిఫాం వేసుకుని ఆస్పత్రి బస్సు కోసం పిల్లకు పాలు తొందరగా తాగిస్తోంది. మొండయ్య బాత్రూంలోకి వెళ్లాడు. కప్పును చేతిలోకి తీసుకుని చూశాడు. రెండు గుక్కలు కూడా పట్టదు. గింతదానికి అంత పెద్ద బకెట్ నీళ్లా అనుకున్నాడు. ఆమె తన చేతికి మందు కూడా కొలిచి ఇస్తోందనిపించింది. కప్పును పక్కన పెట్టి, డబ్బాను దొడ్డి గిన్నెలోకి, నేల మీదికి అలాగే వంచేశాడు. చుక్క నీళ్లు కలపలేదు.

జుబైల్ నీళ్లకు గిన్నె లోపల పసుపు పచ్చటి గార పట్టి ఉంది. అది కదల్లేదు. అది బ్లీచ్‌కు పోయే మరక కాదు, కానీ ఆయనకు ఆ సంగతి తెలియదు. గార చూస్తుంటే తన కళ్లే గుర్తొచ్చాయి. క్యాంపులో బాత్రూంలు కడిగే రోజు ఉన్న మందులన్నీ ఒకదాని మీద ఒకటి గుమ్మరించేవాళ్లు. అక్కడ గోడలకు పైకప్పుకు మధ్య మూరెడు సందు, ఎడారి గాలి ఇటు దూరి అటు పోయేది. ఎవరికీ ఏమీ కాలేదు. మూలన గార కడిగే యాసిడ్ సీసా ఉంది. తీసి సగం పోశాడు.

బుసబుసమని పొంగింది. వాసన ముక్కులోకి సూదిలా దిగింది. కళ్లు మండాయి. మందుకు ఇప్పుడు బలం వచ్చింది అనుకున్నాడు. దగ్గుకుంటూ బయటికి వచ్చి బాత్రూం తలుపు మూశాడు. పది నిమిషాలు ఉంచాలని ఆమే చెప్పింది కదా, ఉంచుదాం అనుకున్నాడు. గది తలుపు తెరవాలన్న మాటను మాత్రం లెక్కచేయలేదు.

అప్పుడు సైరన్ మోగింది.

జనార్దన్ తువ్వాలు చుట్టుకుని పిల్లను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనక ఉమారాణి, చేతిలో తడి తువ్వాళ్లు. తలుపు మూశారు. జనార్దన్ కింది సందులో తడి గుడ్డ కుక్కి, తలుపు చుట్టూ టేపు లాగి అతికించాడు. అందరికీ తలా ఒక తువ్వాలు ముక్కుకు చుట్టారు. ముగ్గురూ తలుపు పక్కన నేల మీద కూర్చున్నారు. ఎప్పటిలాగే ఉమారాణి పిల్లను మామకు దూరంగా తన ఒడిలో పెట్టుకుంది. మొండయ్య అది కూడా చూశాడు. మంచం మీద కదలకుండా కూర్చున్నాడు. సైరన్ లేస్తూ పడుతూ మోగుతోంది. ఎక్కడో దూరంగా ఏదో పేలినట్టు కిటికీ అద్దం వణికింది.

ముందు పిల్ల తుమ్మింది. తర్వాత దగ్గింది. జనార్దన్ తువ్వాలు పైకి లాక్కున్నాడు. అతని కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"వచ్చింది," అన్నాడు. "గ్యాస్ కొట్టిండు."

అతను కిటికీ దగ్గరికి దూకి, ప్లాస్టిక్ షీటు అంచుల మీద ఉన్న టేపు మీదే మళ్లీ టేపు అతికించసాగాడు. ఎక్కడో సందు ఉందని, బయటి గాలి వస్తోందని అతని నమ్మకం. పిల్ల దగ్గు ఆగడం లేదు. ఉమారాణి తన ముక్కు మీది తువ్వాలు తీసేసింది. ఒకసారి చిన్నగా గాలి పీల్చింది. ఆస్పత్రిలో బట్టలు ఉతికే చోట రోజూ తగిలే వాసన అది, కాకపోతే పది రెట్లు. తల తిప్పి బాత్రూం తలుపు కింది సందును చూసింది. తర్వాత మామను చూసింది.

"మామా, బాత్రూంల ఏం వోసినవ్?"

మొండయ్యకు అప్పుడే అర్థమైంది. అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ బుస, ఆ వాసన, గొంతులో దిగిన సూది. తాను లోపల మూసి వచ్చింది ఏమిటో తెలిసిపోయింది. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. చెబితే ఆమె అన్నదే నిజమవుతుంది. ఆయన ముట్టిందల్లా విషమని మూడు వారాలుగా గుడ్డతో తుడుస్తోంది. ఇప్పుడు తన నోటితో తానే ఆ మాట ఒప్పుకోవాలి. పళ్లు బిగించి గోడ వైపు చూశాడు.

ఉమారాణి తన తువ్వాలును కూడా పిల్ల ముఖానికే చుట్టి, పిల్లను ఎత్తుకుని మంచం ఎక్కి నిలబడింది. ఆ గాలి బరువైంది, కింద పేరుకుంటుంది. పిల్లను రెండు చేతులతో పైకప్పు వైపు ఎత్తింది. సృజన మళ్లీ దగ్గింది. ఈసారి దగ్గు చివర ఊపిరి తిరిగి రాలేదు. పిల్ల నోరు తెరుచుకుని ఉంది, శబ్దం లేదు.

"ఒక్క మాట జెప్పు మామా," అంది ఉమారాణి. గొంతు సగమే పలుకుతోంది. "బయటి గ్యాసైతే కిటికీ తీస్తె సస్తం. లోపలిదైతే తియ్యకపోతె సస్తం. నీకే తెలుసు. యాసిడ్ కలిపినవా?"

"రెండు వోసిన," అన్నాడు మొండయ్య.

ఆమె, కిటికీ తియ్యి మామా అంది. జనార్దన్ కిటికీకి వీపు ఆనించి చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. తియ్యద్దు, సైరన్ ఇంక ఆగలె, అందరం సస్తం అని అరిచాడు. మొండయ్య మంచం దిగాడు. కామెర్లతో మూడు వారాలుగా ఒంట్లో బలం లేదు. అయినా కొడుకు మెడ పట్టి పక్కకు ఈడ్చాడు. ఆ పట్టుకు జనార్దన్ నేల మీద పడ్డాడు. షీటు చించాడు. టేపు పొరలు పొరలుగా ఉంది, గోళ్లు విరిగాయి. కిటికీ రాకపోతే మంచం పక్కనున్న స్టూలు ఎత్తి అద్దాన్ని కొట్టాడు.

బయట గాలి చల్లగా ఉంది. ఇసుక రంగు వెలుతురు. ఎదురింటి గోడ మీద ఒక పిల్లి కూర్చుని ఉంది. ఏమీ కాలేదు.

జనార్దన్ లేచి తలుపు టేపు పీకాడు. పిల్లను పట్టుకుని మెట్లు దిగాడు. వెనక ఉమారాణి దిగింది. చివరి మెట్టు మీద గోడ పట్టుకుని, అలాగే జారి కూర్చుండిపోయింది.

ఆస్పత్రిలో పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. కళ్లు కడిగారు. సాయంత్రానికి పిల్ల ఊపిరి కుదుటపడింది, గొంతు మాత్రం ముసలిదానిలా బొంగురుపోయింది. కొన్ని రోజులు గమనించాలని డాక్టరు చెప్పాడు. ఉమారాణిని వేరే వార్డులో పడుకోబెట్టారు. ఆమె తువ్వాలు లేకుండా ఎక్కువ పీల్చింది. అది ఒకటే కాదు. మధ్యాహ్నం ఆమెకు రక్తం కనిపించింది.

ఆ సంగతి కారిడార్‌లో జనార్దన్ తండ్రికి చెప్పాడు. తండ్రి ముఖం వైపు చూడకుండా, గోడతో మాట్లాడినట్టు చెప్పాడు. ఆమెకు మూడో నెల. ఇంతకుముందు ఒకసారి కడుపు పోయింది, అందుకే నెలలు కొంచెం నిండేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నారు. మామతో అలాంటి మాట ఎట్లా చెప్తామని ఆమె సిగ్గుపడింది కూడా. ఇప్పుడు నిలుస్తుందో లేదో డాక్టరు చెప్పలేనంటున్నాడు.

"క్యాంపు కామెర్లు నీళ్లతోటి, చేతులతోటి అంటుకునే రకమట బాపూ. కడుపుతోటి ఉన్నోళ్లకు అంటితే శానమంది బతుకరట. వాళ్ల ఆస్పత్రి డాక్టరే చెప్పిండు. నిన్ను వేరే రూము జూసి పెట్టుమన్నడు. ఈమె వద్దన్నది. మామ ఈడనే ఉంటడు, నేను బ్లీచ్‌తోటి కాపాడుకుంట అన్నది."

మొండయ్య బెంచీ మీద కూర్చున్నాడు. కొడుకు పిల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఎదురుగా ఉన్న తెల్ల గోడ మీద ఆయనకు ముత్యవ్వ కళ్లు కనిపించాయి. ఆ కళ్లు చివరి వారం పచ్చగా ఉన్నాయి. ఇది ఆయన ఎప్పుడూ మరచిపోలేదు, ఎప్పుడూ తలుచుకోనూ లేదు. ఆయన లేచి తిరుగుతున్న రోజుల్లోనే ఆమె మంచం పట్టింది. ముందు కళ్లు పచ్చబడ్డాయి. తర్వాత తిక్కతిక్కగా మాట్లాడింది. మూడో నాడు మనుషుల్ని గుర్తుపట్టలేదు. బండి కోసం తాను దొర ఉండే గడీ ముందు నిలబడింది ఆ మూడో నాడే. ఇరవై ఏళ్లకు పైగా ఆయన కథను అక్కడి నుంచే చెబుతున్నాడు. బండి దగ్గర నుంచి. దానికి ముందున్న కంచం దగ్గర నుంచి ఎన్నడూ చెప్పలేదు.

చూడటానికి పోనిచ్చే వేళకు ఆయన ఆడవాళ్ల వార్డు దగ్గరికి వెళ్లాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఉమారాణి మంచం తలుపు పక్కనే ఉంది. కాళ్ల కింద ఎత్తు పెట్టి పడుకోబెట్టారు. ముఖం సున్నంలా ఉంది. మామను చూసి కొంగు సర్దుకోబోయింది. యూనిఫాం మీద ఉన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి దించేసింది.

"నువ్వు మొదటిసారి అడిగినప్పుడే నాకు సమజైంది," అన్నాడు మొండయ్య. "జెప్పలె. తెలిసి జెప్పలె."

"ఎరుకనే మామా. నీ మొఖం జూస్తనే ఉన్న."

"జనార్దన్‌తోటి అన్నవా?"

"అనలె."

"నేనే అంట."

ఆమె వద్దనలేదు. అది ఆయనకు నచ్చింది. వద్దని ఉంటే అక్కడి నుంచి వెళ్లిపోయేవాడు. తలుపు చట్రం మీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు. అడగాల్సింది ఇంకొకటి ఉంది. దానికోసమే వచ్చాడు.

"నిన్న నేను కంచం ముచ్చట జెప్పినప్పుడు నువ్వు అట్ల జూసినవ్. నువ్వు నర్సువు. నీకు తెలుస్తది. ముత్యవ్వకు కామెర్లు నా తోటేనా అంటినయి?"

ఉమారాణి కళ్లు మూసుకుంది. నిన్న అన్నం దగ్గరే ఆమెకు అర్థమైంది. తెలిసే వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన ఆమెను దొరలతో పోల్చాడు. ఆమె బిడ్డ ఊపిరాడక దగ్గుతుంటే గోడ వైపు చూశాడు. ఇప్పుడు ఆమె అవును అంటే చాలు. అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు. మొండయ్య తన జీవితంలో ఎవరి చేతికీ అంత చిక్కలేదు. ఆమె స్థానంలో తాను ఉంటే ఏం చేసేవాడో ఆయనకు బాగా తెలుసు.

ఆమె కళ్లు తెరిచింది.

"కాల్వ నీళ్లు అందరు తాగిండ్రు గద మామా," అంది. "నీళ్లతోటి వచ్చింది. నీకు ఎట్ల వచ్చిందో అత్తమ్మకు గూడ గట్లనే వచ్చింది. నీ కంచంతోటి గాదు."

ముత్యవ్వ ఏనాడూ కాలువ పనికి పోలేదు. కాలువ ఊరికి నాలుగు కోసుల దూరం. ఆమె ఇంట్లో ఉంది, వాడ బావి నీళ్లు తాగింది, ఆ ఏడు వాడలో ఇంకెవరికీ కామెర్లు రాలేదు. ఆ సంగతులు ఉమారాణికి తెలియవు. మొండయ్య చెప్పలేదు. కోడలు ఇచ్చిన అబద్ధాన్ని మారు మాట్లాడకుండా తీసుకున్నాడు.

కారిడార్‌లోకి వచ్చి రెండడుగులు వేశాడు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ముత్యవ్వను పాతిపెట్టిన రోజు దొర మీది కోపంతో ఆయనకు ఏడుపు రాలేదు. ఇప్పుడు వచ్చింది. నడిచి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సు ఆగి, ఏం కావాలని అరబ్బీలో అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అరచేతులతో ముఖం తుడుచుకోబోయి, ఆ చేతులను చూసి, భుజంతో తుడుచుకున్నాడు.

గుమ్మం లోపలి నుంచి ఉమారాణి గొంతు వినిపించింది. బొంగురుపోయిన గొంతుతో గట్టిగా పిలవలేక, ఆగి ఆగి పిలిచింది.

"మామా. ఆ మూలకు నల్లా ఉన్నది. సబ్బు గూడ ఉన్నది. చేతులు మంచిగ కడుక్కొని పోరి దగ్గరికి పో. నిన్నే అడుగుతుందట."

మొండయ్య గోడ పట్టుకుని లేచాడు. కుళాయి తిప్పాడు. వేళ్ల సందులు, విరిగిన గోళ్లు, మణికట్ల దాకా సబ్బు రాశాడు. ఎంతసేపు కడగాలో అడగడానికి మళ్లీ గుమ్మం దాకా వెళ్లాడు.